పాఠాలవేళ పొయ్యి వెలగకూడదు

ప్రశ్న: ఈ జూన్ నుంచి పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. బాబుకు 10 ఏళ్లు, పాపకు 7. మా వారు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు షుగర్. పొద్దున పాఠాలు మొదలుపెడతాను, 11 అయ్యేసరికి లెక్కలు మధ్యలో వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాలి. తిరిగి వచ్చేసరికి పిల్లలు చెరో మూల ఉంటారు. భోజనం 2 గంటలకు. ఈలోపు అరగంటకోసారి ‘అమ్మా, తినడానికేముంది?’ వారం మెనూ రాసి ఫ్రిజ్‌కు అంటిస్తే బుధవారానికల్లా తప్పిపోతోంది. రాత్రికి ఓపిక లేక బయటి నుంచి తెప్పించడం అలవాటైపోయింది. పైగా పాప కూర ముట్టదు. చదువు ఇంట్లో సవ్యంగా సాగాలంటే వంటను ఎలా సర్దుకోవాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మీ ఇంట్లో వంట ఎక్కువ కాలేదమ్మా, వంట వేళ తప్పింది. పిల్లలు బడికి వెళ్లే రోజుల్లో 7 గంటలకల్లా బాక్సులు కట్టేవారు కదా. ఆ తొందర పోయింది కాబట్టి మధ్యాహ్నం వంట మెల్లగా 11 గంటలకు జరిగింది. సరిగ్గా పిల్లల బుర్ర బాగా పనిచేసే వేళ అది. లెక్కలు చేస్తున్న పిల్లవాడిని మధ్యలో వదిలి 10 నిమిషాలు లేచి వెళితే, మళ్లీ కూర్చోబెట్టి దారిలో పెట్టడానికి అంతకు రెట్టింపు పడుతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు ఒక్క కట్టుబాటు పెట్టుకోండి: పొద్దున 9 నుంచి 12 దాకా గ్యాస్ పొయ్యి వెలగకూడదు. మిగతాదంతా ఆ మూడు గంటలను కాపాడుకోవడానికే. 40 మంది ఉన్న తరగతిలో రోజంతా జరిగే పాఠం, ఎదురుగా ఇద్దరే కూర్చుంటే మూడు గంటల్లో అవుతుంది. ఆ మూడు గంటలూ తెగకుండా ఉండాలంతే.

ఇంటి గడియారాన్ని అత్తగారి మాత్రల ప్రకారం తిప్పండి. ఇంట్లో అందరి భోజనమూ అటూ ఇటూ జరపవచ్చు, ఆవిడది జరపకూడదు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. 2 గంటల భోజనం పిల్లలకు విసుగు, ఆవిడకు ప్రమాదం. టిఫిన్ 8 గంటలకు, భోజనం 12:30కి, రాత్రి తిండి 7:30కి అని ఖాయం చేసుకోండి. ఇప్పుడు ఆవిడ మాత్రల వేళలు వేరుగా ఉంటే డాక్టరుతో ఒక మాట మాట్లాడి మార్చండి. ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చోవాలి. మీ వారికి మీటింగ్ ఉంటే ఆయన పళ్లెం మూతపెట్టి ఉంచండి. ఆయన వచ్చినప్పుడు మళ్లీ వేడి చేసి వడ్డించే పని మీది కాదు.

ఇక పొద్దుటి వంట. 6:45కు వంటింట్లోకి వెళితే 8:45కు పొయ్యి కట్టేయవచ్చు. టిఫిన్, పప్పు, కూర మూడూ ఆ రెండు గంటల్లోనే. అన్నం మాత్రం అప్పుడు వండకండి. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి బిరుసెక్కుతుంది, ఎండాకాలమైతే పాడవుతుంది కూడా. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే బియ్యం కడిగి, కొలిచిన నీళ్లతో కరెంటు కుక్కర్ గిన్నెలో పోసి ఉంచండి. 11:45కు మీ బాబు వెళ్లి స్విచ్ వేస్తాడు. మీరు కుర్చీలోంచి లేవనక్కర్లేదు. మీ అయిదుగురికి ఒక పూటకు 450 గ్రాముల సోనా మసూరి సరిపోతుంది. పాత బియ్యమైతే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే రెండే. ముందుగా నానుతున్నాయి కాబట్టి ఆ లెక్కలో పావు గ్లాసు తగ్గించినా ఫరవాలేదు. వేసవిలో నానబెట్టిన గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి, స్విచ్ వేసే ముందు తీయండి.

పప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొద్దుటి పూట ఎక్కువ ఆలస్యం చేసేది ఇదే. మీ అయిదుగురికి కందిపప్పు 200 గ్రాములు, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనె. లేవగానే కడిగి నానేస్తే కుక్కర్ పెట్టేసరికి అరగంట నానుతుంది. పెద్ద మంట మీద ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి 10 నిమిషాలు ఉంచండి. పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోందంటే మూడు కారణాలు చూడండి. ఒకటి, చింతపండో టమాటానో గోంగూరో పప్పుతోపాటే వేశారు. పులుపు తగిలితే పప్పు గింజ గోడ గట్టిపడి మెత్తబడదు. రెండు, బోరు నీళ్లు. ఆ నీళ్లలోని సున్నం కూడా అదే పని చేస్తుంది. పప్పుకు మాత్రం తాగే నీళ్లు వాడండి. మూడు, పప్పు మరీ పాతది. దానికి రాత్రంతా నానబెట్టడం ఒక్కటే మందు.

ఉడికాక కుక్కర్ మూత తీయకండి. అలాగే వదిలేయండి. మూత తీయని కుక్కర్లో పప్పు చాలాసేపు పొగలు కక్కే వేడితో ఉంటుంది, గరిటె తగలదు కాబట్టి పాడయ్యే భయం తక్కువ. 12 గంటలకు తీసి, మెదిపి, చింతపండు రసమో విడిగా మగ్గించిన గోంగూరో కలిపి, అర గ్లాసు వేడినీళ్లు పోసి బాగా మరగనిచ్చి పోపు పెట్టండి. ఈ పనికి 12 నిమిషాలు చాలు. తాజాగా పోపు పెట్టిన పప్పు ముందు ఉంటే, కూర పొద్దున చేసిందన్న సంగతి ఎవరికీ పట్టదు.

వేపుడైతే మూత బిగించకండి, ఆవిరికి మెత్తబడిపోతుంది. ఓరగా మూత పెట్టి, తినేముందు మూకుట్లో రెండు నిమిషాలు తిప్పితే చాలు. కొబ్బరి వేసే కూరలకు కొబ్బరి మాత్రం మధ్యాహ్నం కలపండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున కొబ్బరి వేసిన కూర భోజనం వేళకు వాసన మారుతుంది. ఆ రెండు నెలలూ కూర చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడమే మంచిది.

మెనూ బుధవారానికి ఎందుకు తప్పుతోందో చూద్దాం. మీ కాగితం మీద ‘మంగళవారం గుత్తి వంకాయ’ అని వంటకం పేరు ఉండి ఉంటుంది. ఆ రోజుకు వంకాయలు పుచ్చులు వస్తే, లేదా పొద్దున మసాలా నూరే తీరిక లేకపోతే ఆ రోజు పోయినట్టే, దాంతోపాటు కాగితం మీద నమ్మకమూ పోతుంది. పేర్లు రాయకండి. రెండు సంగతులు చూసుకుని రాయండి: ఏ కూరగాయ ముందు వాడిపోతుంది, ఏ టిఫిన్ పొయ్యి దగ్గర నిలబెడుతుంది.

రెండోదాని గురించి ఎవరూ ఆలోచించరు కానీ పొద్దుటి పూట గెలుపోటములు దాని మీదే ఉన్నాయి. అయిదుగురికి 14 దోసెలు పోయాలంటే, ఒక్కోదానికి రెండున్నర నిమిషాల చొప్పున 35 నిమిషాలు పెనం వదలకూడదు. ఆ పొయ్యి దోసెలకు, రెండోది పప్పు కుక్కర్‌కు. ఇక దొండకాయ వేపుడు ఎక్కడ చేస్తారు? దొండకాయకు 25 నిమిషాలు కావాలి, మధ్యమధ్య కలపాలి. కాబట్టి దోసె, పెసరట్టు, చపాతీ ఉన్న పొద్దుల్లో మధ్యాహ్నానికి సొరకాయ పప్పు, దోసకాయ పప్పు, టమాటా పప్పు లాంటివే పెట్టుకోండి, పప్పూ కూరా ఒకటే. పక్కన అప్పడమో, ఉడికించిన గుడ్డో. ఇడ్లీ, ఉప్మా, దిబ్బరొట్టె ఉన్న రోజుల్లో వేపుడు చేయండి. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడితే 12 నిమిషాలు మీ అవసరం లేదు. దిబ్బరొట్టె సన్నని సెగ మీద మూతపెడితే 20 నిమిషాలు దాని పని అది చూసుకుంటుంది. మెనూ కాగితం మీద ఈ జతలు రాస్తే చాలు.

కూరగాయల వరుస ఇలా ఉండాలి. ఆదివారం రైతు బజారు నుంచి తెచ్చారనుకుంటే సోమ, మంగళవారాలు ఆకుకూరలవి: పాలకూర, తోటకూర, గోంగూర. మంగళ, బుధవారాల్లో బెండకాయ, బీరకాయ, వంకాయ. గురు, శుక్రవారాల్లో దొండకాయ, గోరుచిక్కుడు, క్యాబేజీ. చివర్న సొరకాయ, దోసకాయ, గుమ్మడి, బంగాళాదుంప, కంద. శనివారం కూరగాయలు అయిపోయినా శనగలో, అలసందలో నానేసి ఉంటే గండం గడుస్తుంది. ఈ వరుస తప్పి సోమవారం బంగాళాదుంప వండితే గురువారానికి తోటకూర చెత్తబుట్టలోకి వెళుతుంది. ఆకుకూరలు తేగానే కడగకండి. వేళ్లు కోసేసి, పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, వండేముందే కడగండి. తడితో పెట్టిన కట్ట మర్నాటికే కుళ్లుతుంది. పచ్చిమిర్చికి తొడిమలు తీసి పెట్టండి. ఒక పూట కూరకు మీకు 600 నుంచి 750 గ్రాముల కూరగాయలు కావాలి. వారానికి 7 కిలోల కూరగాయలు, 8 కట్టల ఆకుకూరలు, రెండేసి కిలోల ఉల్లిపాయలు, టమాటాలు అన్న లెక్కతో వెళ్లండి.

కోయడం రాత్రే అయిపోవాలి. దొండ, చిక్కుడు, క్యాబేజీ, క్యారెట్, బీర, సొర రాత్రి కోసి డబ్బాలో పెట్టవచ్చు. బెండకాయ కూడా పెట్టవచ్చు, కానీ కడిగి పూర్తిగా ఆరాకే కోయాలి, చుక్క తడి ఉన్నా జిగురు. వేపేటప్పుడు కూడా ఉప్పు చివర్లో వేయండి, ముందే వేస్తే నీరు వదిలి ముద్దవుతుంది. వంకాయ, అరటికాయ రాత్రి కోయవద్దు, నల్లబడతాయి. బంగాళాదుంప కోస్తే నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ కోత పని మీ వారిది కావాలి. ఇంటి నుంచి పనిచేసే మనిషికి రాత్రి 20 నిమిషాలు, ఆదివారం బజారు పెద్ద బరువేమీ కాదు. పొద్దున పాఠాలు మీరు చెబుతున్నారు కదా. ఇది సాయం కాదు, ఆయన వంతు పని. అలాగే మాట్లాడి ఖాయం చేసుకోండి.

ఆదివారం చేయాల్సిన పెద్ద పని ఇడ్లీ పిండి ఒక్కటే. మినపగుళ్లు 2 గ్లాసులు, ఇడ్లీ రవ్వ 4 గ్లాసులు. దాదాపు 70 ఇడ్లీల పిండి వస్తుంది. మీ ఇంట్లో ఒక పూటకు 18 నుంచి 20 పోతాయి కాబట్టి మూడు పూటలు పైగా గడుస్తుంది. మధ్యాహ్నం 2 గంటలకు మినపగుళ్లు నానేయండి, 6 గంటలకు రుబ్బండి. రవ్వ గంట ముందు నానేసి, రెండుసార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండి కలపాలి. ఇడ్లీలు పలకల్లా అణిగిపోతున్నాయంటే ఎక్కువసార్లు తప్పు మినపప్పుది కాదు, రవ్వలో మిగిలిన నీటిది. మిక్సీలో రుబ్బితే చల్లటి నీళ్లు పోయండి, వేడెక్కిన పిండి సరిగా పొంగదు. గిన్నెలో సగానికి మించి పోయకండి. మే నెలలో 6 గంటల్లోనే పొంగుతుంది, కాబట్టి రాత్రి 10కి బయట పెట్టినది తెల్లారి 4కే పులిసిపోతుంది. ఆ నెలల్లో సాయంత్రమే రుబ్బి, పొంగగానే పడుకునేముందు ఫ్రిజ్‌లోకి మార్చండి. డిసెంబరు, జనవరిలో 12 నుంచి 14 గంటలు పడుతుంది. దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టండి.

సోమవారం ఇడ్లీ, బుధవారం దిబ్బరొట్టె, గురువారం గుంత పొంగణాలు ఆ పిండితోనే. పొంగణాలకు పెనం దగ్గర నిలబడాలి కాబట్టి ఆ రోజుకు సొరకాయ పప్పు. పిండిని మొదట్లోనే రెండు మూడు డబ్బాల్లో విడివిడిగా సర్దండి. ఒకే గిన్నెను రోజూ బయటికి తీసి లోపల పెడుతుంటే మూడో రోజుకే పులుపెక్కుతుంది. మంగళవారం ఉప్మా, శుక్రవారం అటుకులు, శనివారం పెసరట్టు. పెసలు రాత్రి నానేస్తే చాలు, పులియబెట్టే పని లేదు. అత్తగారికి కూడా బియ్యం కలపని పెసరట్టే అన్నిటికన్నా నయం. రాగి జావ మంచిదని షుగర్ ఉన్నవారికి రోజూ పోస్తుంటారు. పిండి ఉడికి పలచగా ఉన్న జావ తొందరగా అరిగి షుగర్‌ను తొందరగా పెంచుతుంది. రాగి కావాలంటే ముద్దగానో రొట్టెగానో, పక్కన కూర దండిగా పెట్టి ఇవ్వండి.

ఇక ‘తినడానికేముంది’ అన్న మాట. బడిలో గంట కొట్టేదాకా తినడానికి దొరకదు, అందుకే అక్కడ ఆకలి కాదు. ఇంట్లో ఫ్రిజ్ నాలుగడుగుల దూరంలో ఉంది. పైగా పాఠం కష్టమైనప్పుడు, విసుగు పుట్టినప్పుడు, దాహం వేసినప్పుడు కూడా పిల్లలకు ఆకలే గుర్తొస్తుంది. 11 గంటలకు నాలుగు బిస్కెట్లు తింటే 12:30కి అన్నం సయించదు. మీ పాప కూర ముట్టకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉండవచ్చు, కడుపు ఖాళీ లేదు.

10:30కి ఒక్క విరామం, 15 నిమిషాలు. పళ్లెం పొద్దునే సర్ది, మూతపెట్టి పిల్లల చేతికందే ఎత్తులో పెట్టండి. ఒక పండు, గుప్పెడు వేరుశనగలో ఉడికించిన శనగలో. శనగలు కప్పు నిండా రాత్రి 8 గంటలు నానేసి, ఉప్పు వేసి కుక్కర్లో 15 నిమిషాలు ఉడికిస్తే రెండు రోజులకు వస్తాయి, ఫ్రిజ్‌లో ఉంచండి. పచ్చి వేరుశనక్కాయలైతే గంట నానబెట్టి 4 విజిల్స్ చాలు. పళ్లెం ఖాళీ అయ్యాక 12:30 దాకా మంచినీళ్లు, పల్చటి మజ్జిగ తప్ప మరేమీ లేదు. మొదటి వారం గొడవ చేస్తారు. రెండో వారానికి గడియారం చూసుకోవడం నేర్చుకుంటారు. సాయంత్రం 4:30కి రెండో పళ్లెం. అందులో వారానికి మూడు రోజులు సున్నుండ పెట్టండి. పావుకిలో మినపప్పు సన్నని సెగ మీద ఎర్రగా, కమ్మని వాసన వచ్చేదాకా వేయించి పొడి చేసి, 200 గ్రాముల బెల్లం తురుము, 125 మిల్లీలీటర్ల కరిగిన నెయ్యి కలిపితే చిన్నవి 20 దాకా వస్తాయి. తొందరపడి పెద్ద మంట మీద వేయిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, నోట్లో అంటుకుంటుంది.

పాప కోసం వేరే వంట చేయకండి. ఒకసారి మొదలుపెడితే రోజూ మూడో వంటకం మీ నెత్తిన పడుతుంది. ఇంటి భోజనంలో పాప ఇష్టంగా తినేది ఒకటి, పెరుగో పప్పో, ఎప్పుడూ ఉండేలా చూడండి. దాని పక్కన ఆ రోజు కూర ఒక్క చెంచా వేయండి. తినమనీ వద్దనీ అనకండి, తింటే పొగడకండి. కొత్త కూర నోటికి అలవాటు కావాలంటే పది సార్లు పైగా పళ్లెంలో కనబడాలి, మనం మూడోసారికే ‘దానికి పడదులే’ అని మానేస్తాం. చాలామంది పిల్లలకు రుచి కన్నా జిగురు, మెత్తదనం పడవు. బెండకాయ పులుసు వద్దన్న పిల్లే కరకరలాడే బెండకాయ వేపుడు తింటుంది. బీరకాయ కూర తినకపోతే బీరకాయ తొక్కు పచ్చడి ఇడ్లీలోకి పెట్టి చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలి. మన ఇళ్లలో అన్నం కొండంత, కూర నంజుకునేంత. పాప సంగతి కన్నా ముందు పెద్దవాళ్ల పళ్లేలు మార్చండి, పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో టీ, కాఫీ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దంది, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవని. పాఠాలు అవగానే 12 గంటలకు మీరు టీ తాగే అలవాటుంటే దాన్ని మూడింటికి జరపండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకా బాగా అందుతుంది.

వంటను పాఠంలో కలపమని మీకు చాలామంది చెప్పి ఉంటారు. రోజూ వద్దు. పొద్దుటి తొందరలో పిల్లలకు భిన్నాలు నేర్పుతూ పప్పు కడిగితే రెండూ చెడతాయి. మామూలు రోజుల్లో వాళ్లకు పాఠం కాదు, పని ఇవ్వండి. పాప వెల్లుల్లి ఒలుస్తుంది, కరివేపాకు దూస్తుంది, గోంగూర ఆకులు గిల్లుతుంది. బాబు బియ్యం కొలుస్తాడు, స్విచ్ వేస్తాడు, మీరు పక్కన ఉంటే దోసకాయలాంటివి కోస్తాడు. పాఠం కావాలంటే ఆదివారం పిండి దగ్గర చెప్పండి, అప్పుడు మీకూ తీరిక ఉంటుంది. ఒకటికి రెండు పాళ్లంటే ఏమిటి, ఒకటిన్నర గ్లాసు మినపప్పుకు రవ్వెంత, పావుకిలో మినపప్పు గ్లాసులో ఎంత ఎత్తు వస్తుంది, అర కిలో ఎంత? కొంచెం పిండి గాజు సీసాలో పోసి, బయట రబ్బరు బ్యాండ్ వేసి, గంటగంటకూ ఎంత పొంగిందో నోటుబుక్కులో గీత గీయమనండి. మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి గీసి రెండూ పక్కపక్కన పెడితే వేడికీ పులియడానికీ ఉన్న సంబంధం బాబే చెబుతాడు.

రాత్రి తిండిని మాత్రం తేలిక చేసుకోండి. పొద్దున చపాతీ పిండి తడిపి, పైన నూనె రాసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి నల్లబడదు, రెండో రోజుకు మాత్రం ఉంచకండి. మధ్యాహ్నం కూర రెండింతలు చేస్తే రాత్రి అదే కూర, చపాతీ, పెరుగు. పిల్లలకు పెరుగన్నం ఉన్నా చాలు. బయటి తిండి పూర్తిగా మానేయాలని పట్టు పట్టకండి. శుక్రవారం రాత్రి అని ఒక పూట దానికి ఇచ్చేయండి. ముందే అనుకున్న రోజు తెప్పిస్తే అది ఓటమి కాదు, ఖర్చూ అదుపులో ఉంటుంది.

ఒంట్లో బాగాలేని రోజు కోసం అలమరలో రెండు సీసాలు ఎప్పుడూ ఉండాలి. ఒకటి కందిపొడి: కందిపప్పు 1 గ్లాసు, శనగపప్పు అర గ్లాసు, ఎండుమిర్చి 10, జీలకర్ర చెంచా. సన్నని సెగ మీద విడివిడిగా వేయించి, పూర్తిగా చల్లారాక ఉప్పు, ఇంగువ వేసి పొడి చేయండి. వేడి మీద పొడి చేస్తే చెమ్మ పట్టి వారానికే ముక్క వాసన వస్తుంది. పొడి సీసాలో, పొడి చెంచాతో వాడితే నెల ఉంటుంది. రెండోది పులిహోర గుజ్జు: 100 గ్రాముల చింతపండు రెండు గ్లాసుల వేడినీళ్లలో నానేసి చిక్కగా పిండి, 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో పసుపు, చీల్చిన పచ్చిమిర్చి 10, ఇంగువ వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. కిలో బియ్యం అన్నానికి సరిపోతుంది, అంటే మీ ఇంట్లో రెండు పూటలకు. నూనె తేలకముందే దించితే నీరు మిగిలి బూజు పడుతుంది. సరిగా ఉడికితే ఫ్రిజ్‌లో మూడు వారాలు నిలుస్తుంది. వేడన్నం, కందిపొడి, నెయ్యి, ఉడికించిన గుడ్లు, పెరుగు. ఈ భోజనం మీ వారు కూడా 25 నిమిషాల్లో పెట్టగలరు.

ఇవన్నీ రేపే మొదలుపెట్టకండి. ఈ వారం రెండే: 12:30 భోజనం, 10:30 పళ్లెం. వంట ఎలా చేసుకుంటున్నారో అలాగే చేసుకోండి, 9 లోపు ఎంత అయితే అంత. వచ్చే ఆదివారం నుంచి పిండి, రాత్రి కోత. ఆ పై వారం టిఫిన్, కూర జతల కాగితం రాయండి. దాన్ని ఫ్రిజ్ మీద కాదు, పొయ్యి పక్క గోడకు అంటించండి. ప్రతి శనివారం రాత్రి ఏ జత కుదరలేదో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఆ ఒక్కటే మార్చండి, కాగితమంతా చింపి మళ్లీ మొదటి నుంచి రాయకండి.